బడి గంట ఇంకో గంట తర్వాత కొడితే

తెలుగులో గంట అన్న మాట రెండు పనులు చేస్తుంది. బడి వరండాలో వేలాడేదీ గంటే, గడియారం లెక్కపెట్టేదీ గంటే. 2024 నవంబరు చివరి వారంలో ఆంధ్రప్రదేశ్‌లో ఈ రెండూ ఒకేసారి వార్తల్లోకి వచ్చాయి. ఎంపిక చేసిన కొన్ని ఉన్నత పాఠశాలల్లో సాయంత్రం 4 గంటలకు కొట్టే లాంగ్ బెల్‌ను ప్రయోగాత్మకంగా 5 గంటలకు మార్చారు. ఉపాధ్యాయ సంఘాలు ఒప్పుకోలేదు. ఇళ్లలో మాత్రం మాట రెండు రకాలుగా నడిచింది. "ఇంటికొచ్చి ఫోన్ పట్టుకునే బదులు బడిలోనే ఉంటే నయం" అన్నవాళ్లున్నారు. "చలికాలం ఐదున్నరకే మసక పడుతుంది, ఆడపిల్ల బస్సు దిగి ఎలా నడిచొస్తుంది" అన్నవాళ్లూ ఉన్నారు.

అంతకు నాలుగు నెలల ముందు తెలంగాణలోనూ ఉన్నత పాఠశాలల వేళలు మారాయి. హైదరాబాద్, సికింద్రాబాద్ తప్ప మిగతా చోట్ల ఉదయం 9.30 నుంచి సాయంత్రం 4.45 వరకు ఉన్న బడిని 9 నుంచి 4.15 వరకు చేశారు. అక్కడ సమయం జరిగిందే తప్ప పెరగలేదు. పాత లెక్కలో ఏడుంబావు గంటలు, కొత్త లెక్కలోనూ అంతే.

వేళలు జరిపితే బస్సులు, వంటలు సర్దుకుంటే చాలు. పెంచితే మాత్రం దాని వెనక ఒక నమ్మకం ఉండాలి: ఎక్కువసేపు బడిలో ఉంటే ఎక్కువ చదువు వస్తుందని. ఆ నమ్మకంలో ఎంత నిజముందో చూడాలంటే ముందు 'బడి సమయం' అన్న మాటనే విప్పాలి.

ఒకే మాట, మూడు కొలతలు

మొదటిది గేటు సమయం. పిల్ల గేటు లోపలికి వచ్చినప్పటి నుంచి బయటికి వెళ్లేదాకా. ప్రభుత్వ ఉత్తర్వుల్లో కనిపించేది, టీవీ చర్చల్లో నలిగేది ఇదే.

రెండోది బోధన సమయం. ప్రార్థన, ఇంటర్వెల్, భోజనం తీసేస్తే టైంటేబుల్‌లో పీరియడ్లకు మిగిలేది.

మూడోది అసలు సమయం. ఆ పీరియడ్లో ఆ పిల్ల మనసు పెట్టి, తనకు అందే స్థాయిలో ఏదో ఒకటి నేర్చుకున్న నిమిషాలు. దీన్ని ఏ రిజిస్టర్లోనూ రాయరు.

ఈ మూడింటి మధ్య దూరం తెలియాలంటే భోజనం తర్వాతి పీరియడ్‌ను ఒకసారి కళ్ల ముందుకు తెచ్చుకోండి. ఎనిమిదో తరగతి, 40 నిమిషాలు. గంట కొడతారు. చేతులు కడుక్కుని, నీళ్ల బాటిల్ నింపుకుని వచ్చేవాళ్లు వస్తూనే ఉంటారు. టీచరు అంతకు ముందే భోజనాల లెక్క యాప్‌లో పెట్టాలి, సిగ్నల్ అందదు, వరండా చివరికి వెళ్లి ఫోన్ పైకెత్తి పట్టుకుంటారు. లోపలికి వచ్చేసరికి ఏడు నిమిషాలు. "నిన్నటి నోట్స్ ఎవరు రాయలేదు?" అన్న విచారణకు ఐదు. నడుమ ఆఫీసు నుంచి ఒక పిల్లాడు సర్క్యులర్ పట్టుకొస్తాడు, అందరూ లేచి నిలబడి మళ్లీ కూర్చోవడానికి రెండు. బోర్డు మీద రాసింది దించుకోవడానికి పది. పాఠానికి మిగిలింది పదహారు. ఆ పదహారులోనూ వెనక బెంచీ పిల్లాడికి అర్థమైంది ఎంతో వాడికే తెలియాలి.

అమెరికా విద్యా మనస్తత్వ శాస్త్రవేత్త జాన్ కారల్ 1963లోనే ఈ విషయాన్ని ఒక సూత్రంగా చెప్పాడు. ఒకరు ఎంత నేర్చుకుంటారన్నది, నేర్చుకోవడానికి వాళ్లకు కావలసిన సమయంలో ఎంత భాగం నిజంగా దానిమీద గడిపారన్న దాన్ని బట్టి ఉంటుందని. భాగహారం పట్టుబడటానికి ఒక పిల్లకు పది పీరియడ్లు చాలు, ఇంకొకరికి పాతిక కావాలి. సిలబస్ ఇద్దరికీ పన్నెండే ఇస్తుంది. మొదటి పిల్లకు రెండు పీరియడ్లు దండగ, రెండో పిల్లకు పదమూడు బాకీ. బడి సమయం పెంచాలన్న వాదన అంతా ఆ బాకీ గురించే. వద్దన్న వాదనలో సగం ఆ దండగ గురించి.

చట్టం అడిగింది ఎంత, చేతికి వచ్చేది ఎంత

2009 విద్యాహక్కు చట్టం ఈ లెక్కను స్పష్టంగానే పెట్టింది. ఒకటి నుంచి ఐదో తరగతి వరకు ఏడాదికి 200 పని దినాలు, 800 బోధన గంటలు. ఆరు నుంచి ఎనిమిది వరకు 220 పని దినాలు, 1,000 గంటలు. రోజుకు భాగిస్తే చిన్నపిల్లలకు నాలుగు గంటలు, పెద్దపిల్లలకు నాలుగున్నర చిల్లర. టీచరుకు వారానికి 45 గంటలు, పాఠం తయారీ కూడా అందులోనే.

ఇప్పుడు ఉదయం 9 నుంచి సాయంత్రం 4 వరకు నడిచే ఒక బడిని తీసుకుందాం. మొత్తం 420 నిమిషాలు. ప్రార్థనకు 20, రెండు ఇంటర్వెల్స్‌కు 20, భోజనానికి 60 తీసేస్తే ఎనిమిది పీరియడ్లు, ఒక్కోటి 40 నిమిషాలు, వెరసి 320. దాన్ని 220 రోజులతో హెచ్చిస్తే ఏడాదికి సుమారు 1,173 గంటలు. చట్టం అడిగిన దానికంటే 173 ఎక్కువే. కాగితం మీద చూస్తే మన బడికి కొత్త గంట అక్కర్లేదు.

కాగితం పక్కన పెట్టి కోతలు మొదలుపెడదాం. ఈ కోతలు నా ఊహే, మీ ఊరి బడిని బట్టి మార్చుకోండి. మార్చి నడిమి నుంచి ఒంటిపూట బడులు, ముప్ఫై రోజులు అనుకుంటే రోజుకు 80 నిమిషాల చొప్పున 40 గంటలు పోతాయి. పరీక్షలు, పేపర్లు దిద్దడం కలిపి ఇరవై రోజులు, అంటే 107 గంటలు. వానలకు ఇచ్చిన సెలవులు, ఎన్నికల డ్యూటీలు, శిక్షణలు, సభలకు పిల్లలను తీసుకెళ్లడం అన్నీ కలిపి పది రోజులు, ఇంకో 53. మొత్తం 200 గంటలు ఎగిరిపోయాయి. మిగిలింది 973. చట్టం గీసిన గీత కిందికి దిగిపోయాం.

ఇక రోజూ ఒక గంట పెంచితే? 220 గంటలు వస్తాయని ఎవరైనా అంటారు. కానీ ఒంటిపూట రోజుల్లో ఆ గంట ఉండదు, పరీక్షల రోజుల్లో ఉండదు, వాన సెలవుల్లో ఉండదు. ఆ అరవై రోజులు తీసేస్తే చేతికి వచ్చేది 160. అంటే పెంచి సంపాదించేది, ఇప్పటికే కారిపోతున్న దానికంటే తక్కువ. సంఘాల వాళ్లు "ముందు మాకు బోధనేతర పనులు తీసేయండి" అనడంలో ఉన్న లెక్క ఇది. దానికి అవతలి వాళ్ల జవాబూ తేలిగ్గా కొట్టేసేది కాదు: ఎన్నికలు ఆగవు, వానలు ఆగవు, కాబట్టి కారేదాన్ని ఆపడం కంటే నింపడమే చేతిలో ఉన్న పని.

ఆ అరవై నిమిషాలను రెండు రకాలుగా పంచి చూద్దాం

పెంచిన గంటను ఎక్కడ పెడతారన్నది ఎవరూ పెద్దగా మాట్లాడుకోని విషయం. నా దృష్టిలో మొత్తం చర్చలో ముఖ్యమైనది ఇదే.

మొదటి పద్ధతి: రోజంతా పరుస్తారు. ఎనిమిది పీరియడ్లకు తలా ఐదు నిమిషాలు, అది 40. రెండు ఇంటర్వెల్స్‌కు తలా ఐదు, అది 10. భోజనానికి ఇంకో 10. చూడటానికి పద్ధతిగా ఉంటుంది, ఎవరికీ అన్యాయం జరగదు. కానీ పైన చూసిన భోజనం తర్వాతి పీరియడ్లో ఆ అదనపు ఐదు నిమిషాలు ఎక్కడికి వెళ్తాయో ఊహించండి. సిగ్నల్ వెతుక్కోవడానికి.

రెండో పద్ధతి: గంటను ముక్క చేయకుండా చివర ఒకే దిమ్మగా ఉంచుతారు. ఇందులోనూ రెండు దారులున్నాయి. పదో తరగతి స్పెషల్ క్లాసుల్లాగా సిలబస్ పూర్తి చేయడానికో, స్లిప్ టెస్టులకో వాడొచ్చు. మన దగ్గర ఎక్కువగా జరిగేది ఇదే. మా రోజుల్లో రాత్రి స్టడీ అవర్స్‌కు దుప్పట్లు మోసుకుని బడికే వెళ్లేవాళ్లం. చదివిన దానికంటే చుట్టూ కూర్చుని చెప్పుకున్న కబుర్లే ఎక్కువ గుర్తున్నాయి. రెండో దారి, ఆ గంటలో తరగతులను పక్కన పెట్టి, ఎవరు ఎక్కడ ఆగిపోయారో అక్కడి నుంచి చెప్పడం.

ఈ తేడా పేరుకు చిన్నదే. ఫలితంలో ఎంత పెద్దదో హర్యానాలో తేలింది.

హర్యానాలో అదే గంట, రెండు బళ్లు

2012-13లో హర్యానా ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో రోజుకు ఒక గంట పెంచారు. కొన్ని బళ్లలో ఆ గంటలో మూడు, నాలుగు, ఐదు తరగతుల పిల్లలను కలిపేసి, వయసును బట్టి కాకుండా చదవగలిగిన స్థాయిని బట్టి గుంపులు చేశారు. అక్షరాలు మాత్రమే వచ్చిన ఐదో తరగతి పిల్లాడు, అదే స్థితిలో ఉన్న మూడో తరగతి పిల్లతో కూర్చున్నాడు. ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ తయారుచేసిన ఈ పద్ధతిని ప్రభుత్వ టీచర్లే నడిపారు. గంట పెరిగినా గుంపులు చేయని బళ్లతో వీటిని పోల్చి చూశారు పరిశోధకులు. పెరిగిన గంట రెండు చోట్లా ఉంది కాబట్టి తేడా వస్తే అది గంట వల్ల వచ్చింది కాదు, గంటను వాడిన తీరు వల్ల వచ్చింది.

తేడా వచ్చింది. పరిశోధకులు దీన్ని 0.15 ప్రామాణిక విచలనం అని చెబుతారు. మామూలు మాటల్లో: వంద మంది పిల్లలను హిందీ చదవగలిగిన వరసలో నిలబెడితే, సరిగ్గా నడుమ ఉన్న పిల్ల ఆరుగురిని దాటి ముందుకు వెళ్లింది. చిన్న సంఖ్యే. కానీ కొత్త టీచరు రాలేదు, కొత్త గది కట్టలేదు, పిల్లలు కూర్చున్న చోటు మారింది.

ఢిల్లీలో 2015లో ఆరు నుంచి తొమ్మిదో తరగతి పిల్లలతో చేసిన అధ్యయనం ఇంకో మెట్టు ముందుకు వెళ్లింది. బడి అయ్యాక రోజుకు గంటన్నర, అందులో సగం కంప్యూటర్ మీద ఎవరి స్థాయికి తగ్గ లెక్కలు వాళ్లకు, సగం చిన్న గుంపుల్లో బోధన. నాలుగున్నర నెలల్లో గణితంలో 0.37. అంటే మన వంద మంది వరసలో నడుమ పిల్ల పద్నాలుగు మందిని దాటింది. అయితే ఆ అధ్యయనంలో నన్ను ఆపింది ఈ అంకె కాదు. గణితంలో ఆరో తరగతి పిల్లలు సగటున రెండున్నర తరగతులు వెనకబడి ఉన్నారు, తొమ్మిదో తరగతికి వచ్చేసరికి ఆ వెనకబాటు నాలుగున్నరకు పెరిగింది. ఈ అదనపు క్లాసులకు రాకుండా మామూలు బడికి మాత్రమే వెళ్లిన వాళ్లలో అట్టడుగు మూడో వంతు పిల్లలు ఆ నెలల్లో నేర్చుకున్నది దాదాపు సున్నా. రోజూ బడికి వచ్చారు, కూర్చున్నారు, దించుకున్నారు. తొమ్మిదో తరగతి పుస్తకం ముందున్న నాలుగో తరగతి స్థాయి పిల్లాడికి ఐదు గంటల దాకా అదే పుస్తకం చూపిస్తే సున్నాకు ఇంకో సున్నా కలుస్తుంది.

మన రాష్ట్రంలోనే, అడక్కుండా వచ్చిన గంట

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005 నుంచి రెండేళ్లపాటు గ్రామీణ ప్రాథమిక పాఠశాలల్లో ఒక ప్రయోగం జరిగింది. పిల్లల మార్కులు పెరిగిన కొద్దీ టీచర్లకు బోనస్. బోనస్ ఉన్నవి 200 బళ్లు, పోలిక కోసం బోనస్ లేనివి 100. బోనస్ సగటున ఏడాది జీతంలో మూడు శాతం దగ్గరే. దీనివల్ల టీచర్ల హాజరేమీ పెరగలేదు. మార్కులు మాత్రం పెరిగాయి. ఎలాగని టీచర్లనే అడిగితే చెప్పిన వాటిలో ఇవి ఉన్నాయి: ఎక్కువ హోంవర్క్ ఇచ్చాం, ప్రాక్టీస్ టెస్టులు పెట్టాం, వెనకబడినవాళ్ల మీద దృష్టి పెట్టాం, బడి వేళ దాటాక అదనపు క్లాసులు తీసుకున్నాం.

అంటే అదనపు సమయం అక్కడా పని చేసింది. కాకపోతే ఎవరికి, దేనికి, ఎంతసేపు అన్నది టీచరే తేల్చుకున్నారు. డెన్మార్క్‌లో నాలుగో తరగతి పిల్లలతో చేసిన ప్రయోగం కూడా దీనికి దగ్గరగానే చెప్పింది. 2016లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం, నిపుణులు పొల్లు పోకుండా రాసిచ్చిన పాఠ్యక్రమంతో పెంచిన సమయం కంటే, టీచరు ఇష్టానికి వదిలేసి పెంచిన సమయం ఏమాత్రం తీసిపోలేదు. సమయం పెంచాలనే వాళ్లకు ఇది బలమైన ఆధారమే. అయితే మన సర్క్యులర్లలో 'ఇష్టానికి వదిలేయడం' అన్న మాట నేనెప్పుడూ చూడలేదు.

గంటకు ఎంత విలువ కట్టారు

యాభైకి పైగా దేశాల పిల్లల మార్కులు తీసుకుని ఆర్థికవేత్త విక్టర్ లావీ ఒక లెక్క కట్టాడు. ఒక సబ్జెక్టుకు వారానికి ఒక గంట పెంచితే 0.06 ప్రామాణిక విచలనం. వంద మంది వరసలో ఇద్దరిని దాటడం. అది ధనిక దేశాల మాట, పేద దేశాల్లో ఇంకా చాలా తక్కువ.

మన లెక్కకు ఇది అచ్చంగా సరిపోతుంది. రోజుకో గంట, వారానికి ఆరు రోజులు, ఆరు గంటలు. తెలుగు, హిందీ, ఇంగ్లిష్, గణితం, సైన్స్, సోషల్: ఆరు సబ్జెక్టులు. ఒక్కోదానికి వారానికి ఒక గంట. కాబట్టి ఏమీ మార్చకుండా సమయం మాత్రమే పెంచితే మహా అయితే వరసలో ఇద్దరిని దాటే లాభం. లాభం లేదని అనలేం. దాని ఖర్చుతో పోల్చి చూడాలి.

చిలీ దేశం 1997లో షిఫ్టు బళ్లను రోజంతా నడిచే బళ్లుగా మార్చడం మొదలుపెట్టింది. మార్కుల్లో వచ్చిన లాభం చిన్నది. కానీ మార్కుల షీట్లో కనిపించని మార్పులు వచ్చాయి. చిన్న వయసులో తల్లులయ్యే ఆడపిల్లల సంఖ్య తగ్గింది, కుర్రాళ్ల నేరాలూ తగ్గాయి. బడి చదువు చెప్పే చోటే కాదు, పెద్దవాళ్లు పనిలో ఉన్నప్పుడు పిల్లలు భద్రంగా ఉండే చోటు కూడా. ఇద్దరూ కూలికి వెళ్లే ఇంట్లో "బడిలోనే ఉంటే నయం" అన్న మాటకు అర్థం మార్కులు కాదు. ఈ వాదనను చదువు వాదనతో కలిపేయకుండా విడిగా ఒప్పుకుంటే చర్చ తేలికవుతుంది. అప్పుడు ఆ గంటలో ఆటలు పెట్టినా తప్పు లేదు.

ఫిన్లాండ్ పేరు ఎత్తేముందు

తక్కువ గంటలు చాలని వాదించే ప్రతివాళ్లూ ఫిన్లాండ్ దగ్గరికి వెళ్తారు. ఆధారం ఉంది. పదిహేనేళ్ల పిల్లల చదువును దేశాల మధ్య పోల్చే పీసా పరీక్షలు 2015లో జరిగినప్పుడు ఫిన్లాండ్ పిల్లలు బడి, ఇల్లు, ట్యూషన్ అన్నీ కలిపి వారానికి 36 గంటలు చదివారు. చైనాలోని బీజింగ్, షాంఘై, జియాంగ్సు, గ్వాంగ్‌డాంగ్ పిల్లలు 57 గంటలు చదివారు. సైన్స్‌లో ఫిన్లాండ్‌కు 531, చైనా ప్రాంతాలకు 518. చదవడంలో 526, 494. గణితంలో మాత్రం చైనా ప్రాంతాలు 531తో ముందు, ఫిన్లాండ్ 511. వారానికి 21 గంటలు ఎక్కువ కూర్చుని గెలిచింది ఒక్క సబ్జెక్టు.

ఇక్కడితో ఆగితే సగం కథే. ఫిన్లాండ్‌లో టీచరు కావాలంటే మాస్టర్స్ డిగ్రీ ఉండాలి. మొదటి తరగతిలో చేరేది ఏడో ఏట. ఇంట్లో పుస్తకాలుంటాయి, చదివి వినిపించే తల్లిదండ్రులుంటారు. పైగా ఆ దేశం మార్కులు కూడా తర్వాత బాగా పడిపోయాయి, 2022లో గణితంలో 484కు. గంటలు పెద్దగా మారకుండానే మార్కులు పడ్డాయంటే, అప్పట్లో గెలిపించినవీ గంటలు కావన్నమాట. డెన్మార్క్ 2014లో బడి రోజును పొడవు చేసి, పదేళ్ల తర్వాత తగ్గించే ఒప్పందానికి వచ్చింది. సంపన్న దేశాలే తేల్చుకోలేకపోతున్నాయి.

ట్యూషన్ అనే నాలుగో కొలత

మన దగ్గర నాలుగు గంటలకు బడి ముగిసినా చాలామందికి చదువు ముగియదు. 2025 జాతీయ సర్వే ప్రకారం దేశంలో 27 శాతం విద్యార్థులు ట్యూషన్‌కో కోచింగ్‌కో వెళ్తున్నారు. డబ్బున్నవాళ్ల పిల్లలకు ఐదో గంట, ఆరో గంట ఇప్పటికే ఉన్నాయి, ఫీజు కట్టి కొంటున్నారు. బడిలోనే ఆ గంట ఇస్తే కొనలేనివాళ్లకూ దొరుకుతుందన్నది పెంపు కోరేవాళ్ల వాదనల్లో నాకు గట్టిగా అనిపించేది.

చైనా 2021 జులైలో అచ్చంగా ఈ పనే చేసింది. బయటి ట్యూషన్ల మీద కఠినంగా ఆంక్షలు పెట్టి, బడి అయ్యాక అక్కడే రెండు గంటలు హోంవర్క్, ఆటలు, కళలు ఉండేలా చూడమంది. బడి సమయం పెరిగింది, చదువు భారం తగ్గించడం కోసం. వినడానికి విడ్డూరంగా ఉన్నా తర్కం అర్థమవుతుంది.

ఈ తర్కం మన ఇంటర్ కార్పొరేట్ కాలేజీల దగ్గర తిరగబడుతుంది. తెల్లవారుజామున మొదలై రాత్రి పది దాకా సాగే స్టడీ అవర్స్ ఎంత చదువిచ్చాయో, ఎంత టెన్షన్ ఇచ్చాయో తెలుగు ఇళ్లకు వేరే చెప్పక్కర్లేదు. కేంద్రం 2024 జనవరిలో ఇచ్చిన కోచింగ్ సెంటర్ల మార్గదర్శకాల్లో రోజుకు ఐదు గంటలకు మించి క్లాసులు వద్దని రాసింది. గంటలకు పైకప్పు ఉండాలని ప్రభుత్వమే ఒప్పుకున్న చోటు అది.

ఐదు గంటలకు గేటు దాటే పిల్ల

నవంబరు చివర విశాఖ వైపు సూర్యుడు సాయంత్రం ఐదుంబావు, ఐదున్నర మధ్యలో దిగిపోతాడు. బడి ఐదుకు వదిలితే ఆటోలో తలుపు దగ్గర వేలాడేవాళ్లకు పర్వాలేదు. పల్లె వెలుగు బస్సు కోసం నిలబడి, దిగాక రెండు కిలోమీటర్లు నడవాల్సిన ఆడపిల్లకు అది చీకటి. ఇది చదువుకు సంబంధించని చిన్న ఇబ్బందిలా అనిపిస్తుంది. కానీ బడి మాన్పించే నిర్ణయాలు చాలా ఇళ్లలో ఇలాంటి చిన్న ఇబ్బంది దగ్గరే మొదలవుతాయి.

ఆకలి ఇంకో సంగతి. మధ్యాహ్నం తిన్న అన్నం నాలుగున్నరకే అరిగిపోతుంది. తెలంగాణలో పదో తరగతి ప్రత్యేక తరగతులకు ఉడికించిన శనగలు, పల్లీ బెల్లం లాంటివి పెట్టడానికి పిల్లకు రోజుకు 15 రూపాయలు ఇచ్చారు. ఒక్క పదో తరగతికి, కొద్ది వారాలకు. అన్ని తరగతులకు, ఏడాది పొడవునా అంటే వంట చేసేవాళ్ల పని వేళలతో సహా లెక్క మారుతుంది.

ఇక బడికే రాని రోజులున్నాయి. పత్తి ఏరే కాలంలో, మిర్చి కోతల్లో రిజిస్టర్లు సన్నబడతాయి. ఆదోని, కోసిగి వైపు నుంచి కుటుంబాలు గుంటూరు మిర్చి తోటలకు వలస వెళ్తే పిల్లలూ వెళ్తారు. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం మీద 2014లో వచ్చిన ఒక అధ్యయనం ఇక్కడ పనికొస్తుంది. మంచు వల్ల బడి మొత్తం మూతపడిన రోజులు మార్కులను తగ్గించలేదు, కొందరు పిల్లలు మాత్రమే రాని రోజులు తగ్గించాయి. బడే మూసేస్తే టీచరు పాఠాన్ని అందరికీ కలిపి జరుపుకోగలరు. పది మంది ఒకసారి, ఇంకో పది మంది ఇంకోసారి రాకపోతే ఎవరి కోసం వెనక్కి వెళ్లాలో తెలియదు. వలస వెళ్లిన పిల్లకు ఐదో గంట ఎంత పెంచినా అది వేరే పిల్లల గంటే.

ఇంతసేపూ ఎక్కువగా ఉన్నత పాఠశాలల గురించి మాట్లాడుకున్నాం, ప్రయోగం జరిగింది అక్కడే కాబట్టి. బాకీ మొదలయ్యేది మాత్రం అంతకు ముందే. పల్లె పిల్లల చదువును కొలిచే అసర్ సర్వేలో, 2024లో, దేశంలోని గ్రామీణ ప్రభుత్వ బళ్ల మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు 23.4 శాతమే. అదే సమయంలో దేశంలో లక్షకు పైగా ఏకోపాధ్యాయ పాఠశాలలున్నాయి. వాటి సంఖ్యలో అన్ని రాష్ట్రాల కంటే ముందున్నది ఆంధ్రప్రదేశ్, 2024-25 లెక్కల్లో 12 వేలకు పైగా. ఐదు తరగతులు, ఒక టీచరు. అక్కడ గంట పెంచితే ఒక్కో తరగతి వాటా పన్నెండు నిమిషాలు. ఆవిడ ఆ గంటలో తరగతులను మరిచిపోయి, గడగడా చదివేవాళ్లను వరండాలో, కూడబలుక్కునేవాళ్లను బోర్డు దగ్గర, అక్షరాల దగ్గరే ఉన్నవాళ్లను తన కుర్చీ పక్కన కూర్చోబెట్టుకుంటే గుంపులు మూడే. పన్నెండు నిమిషాలు ఇరవై అవుతాయి.